రోజూ నూట ముప్పై కిలోమీటర్లు తిరిగే కారు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేనుండేది హయత్‌నగర్‌లో. ఉద్యోగం నార్కట్‌పల్లిలో. విజయవాడ హైవే మీద పోవడానికి 65 కిలోమీటర్లు, రావడానికి 65. నెలకు 26 రోజులు ఇదే పని కాబట్టి ఏడాదికి 40 వేల కిలోమీటర్లు పడుతుంది. కారు 2017లో కొన్న డీజిల్ బండి, మీటర్ 2,84,000 చూపిస్తోంది. లాక్‌డౌన్‌లో కొన్ని నెలలు ఇంటి ముందు నిలబడి ఉండకపోతే ఈపాటికి మూడు లక్షలు దాటేది.

నేను మెకానిక్‌ని కాను. కానీ ఆఫీసులో ఎవరు కారు కొన్నా, దూరం ఊరికి బదిలీ అయినా ముందు నా దగ్గరికే వస్తారు. వాళ్ళు అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు. చెప్పిందే చెప్పలేక ఒకచోట రాసిపెడుతున్నాను.

ఏడాదికి ఎంత తిరిగితే "ఎక్కువ" అనుకోవాలి?

సర్వీసు పుస్తకం తెరిస్తే చాలా కార్లకు "10,000 కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, ఏది ముందయితే అది" అని ఉంటుంది. అంటే మామూలుగా ఒక కుటుంబం ఏడాదికి సుమారు అంత తిరుగుతుందని కంపెనీ అంచనా. మీరు దానికి రెట్టింపు తిరుగుతుంటే ఎక్కువ కిందే లెక్క. నాలుగింతలు తిరిగే నాలాంటివాళ్ళకి "ఏడాది" అన్న మాటకు అర్థమే లేదు. మీకు క్యాలెండర్‌తో పనిలేదు, మీటర్ చూసుకోండి. మా ఇంట్లో పాలవాడి లెక్క రాసుకునే చిన్న పుస్తకం ఉండేది. అలాంటిదే ఒకటి కారులో పెట్టుకుని, ఏ పని ఎన్ని కిలోమీటర్ల దగ్గర చేయించానో రాస్తాను. ఫోన్‌లో రాసుకున్నా పర్వాలేదు గానీ, నా పాత రెండు ఫోన్లు పోయాయి, పుస్తకం మాత్రం ఉంది.

ఇంత తిరిగితే ఇంజిన్ త్వరగా అరిగిపోదా?

అందరికీ ఉండే భయం ఇదే. నాకూ ఉండేది. మీటర్ లక్షలో సగం దాటేసరికి కారు ముసలిదైపోయిందని బెంగపెట్టుకున్నాను.

ఒక చిన్న లెక్క చూడండి. సిటీలో సిగ్నళ్ళు, జామ్‌లు అన్నీ కలుపుకుని గంటకు సగటున 20 కిలోమీటర్లు వెళ్తామనుకుందాం. 10,000 కిలోమీటర్లు పూర్తవ్వాలంటే ఇంజిన్ 500 గంటలు తిరగాలి. హైవే మీద సగటు 60 అనుకుంటే అదే దూరానికి 167 గంటలు చాలు. మీటర్ మీద రెండూ ఒకే అంకె. ఇంజిన్ పడిన కష్టం మాత్రం ఒకదాంట్లో మూడింతలు. సిటీ బండికి దానికితోడు వందల సార్లు గేరు మార్పులు, బ్రేకులు, ఏసీ వేసుకుని ఊరికే నిలబడిన గంటలు.

ఇంకొకటి. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌లో ఆయిల్ కిందికి దిగి ఉంటుంది. పొద్దున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో, ఇంజిన్ వేడెక్కేదాకా నడిచే ఆ కొద్దిసేపట్లో అరుగుదల ఎక్కువ. నాకు రోజుకు రెండు స్టార్ట్‌లకు 130 కిలోమీటర్లు. పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు తెచ్చి, సాయంత్రం ట్యూషన్‌కి తీసుకెళ్ళే కారుకు ఎనిమిది స్టార్ట్‌లకు 12 కిలోమీటర్లు. ఆ కారు ఇంజిన్ పూర్తిగా వేడెక్కే లోపే ఆగిపోతుంది. లోపల చేరిన చెమ్మ, కాలని ఇంధనం ఆవిరై బయటికి పోవడానికి అవకాశం దొరక్క ఆయిల్‌లోనే కలుస్తాయి. అందుకే "తక్కువ తిరిగింది, కొత్తదానిలాగే ఉంటుంది" అని చెప్పి అమ్మే సెకండ్‌హ్యాండ్ బండిని చూస్తే నాకు పెద్దగా ఆశ పుట్టదు.

అమెరికాలో ఇర్వ్ గార్డన్ అని ఒక సైన్స్ టీచర్ ఉండేవారు. 1966లో వోల్వో పీ1800 కొన్నారు. బడికి వెళ్ళి రావడానికే రోజూ 125 మైళ్ళు, అంటే సుమారు 200 కిలోమీటర్లు. 2013లో ఆ కారు 30 లక్షల మైళ్ళు దాటింది. మన లెక్కలో 48 లక్షల కిలోమీటర్లు. మన కార్లు అంత దూరం పోవాలని కాదు గానీ, రెండు లక్షలకే భయపడిపోకుండా ఉండటానికి ఆయన గుర్తుంటే చాలు.

మా మెకానిక్ భాయ్ దీన్నే ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: "బండి నడిస్తేనే మంచిగుంటది సార్, నిలవెడితేనే ఖరాబైతది."

మరి ఆయిల్ ఎప్పుడు మార్చాలి? నల్లబడగానేనా?

డీజిల్ బండిలో ఆయిల్ మార్చిన నాలుగు రోజులకే నల్లబడుతుంది. మసిని పట్టి ఉంచడం ఆయిల్ చేసే పనుల్లో ఒకటి. రంగు చూసి కంగారుపడొద్దు. పెట్రోల్ బండిలో నలుపు నెమ్మదిగా వస్తుంది, అంతే తేడా.

సర్వీసు పుస్తకంలో రాసిన కిలోమీటర్లు దాటనివ్వొద్దు. నాకు 10,000 అంటే మూడు నెలలే. అంటే ఏడాదికి నాలుగు ఆయిల్ సర్వీసులు. "మొన్ననే కదా చేయించాం" అని ఇంట్లో అంటారు, నిజంగానే మొన్నే చేయించి ఉంటాం. అదే 130 కిలోమీటర్లూ సిటీ ట్రాఫిక్‌లోనే తిరిగేవాళ్ళు, క్యాబ్ నడిపేవాళ్ళు ఇంకా ముందే మార్చుకోవాలి. సర్వీసు పుస్తకంలో వెనకెక్కడో కఠినమైన వాడకానికి వేరే పట్టిక ఉంటుంది. దుమ్ము, ట్రాఫిక్, బరువు ఉన్నచోట గడువు తగ్గించమని అందులో రాసి ఉంటుంది. ఆ పేజీ ఎవరూ తిప్పరు.

గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనం విషయంలో సొంత తెలివి వద్దు. 5డబ్ల్యూ-30 అని రాసి ఉంటే అదే పోయించండి. "చిక్కటిది పోస్తే ఇంజిన్‌కి బలం" అన్న మాట పాత అంబాసిడర్ కాలం నాటిది.

వారానికోసారి డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూపించే కడ్డీ చూడండి. ఆదివారం పొద్దున, బండి చదునుగా ఉన్నచోట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. కడ్డీ తీసి, పాత బట్టతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి తీయండి. రెండు గీతల మధ్య ఉంటే సరి. పై గీత దాటేలా పోయించడం కూడా తప్పే. నాకు 2 లక్షల కిలోమీటర్ల తర్వాత ఒక సర్వీసుకీ ఇంకొక సర్వీసుకీ మధ్య కడ్డీ మీద గోరంత తగ్గుతోంది. అది మామూలే. ఉన్నట్టుండి తగ్గడం మొదలైతే, పొగగొట్టంలోంచి నీలం పొగ వస్తే అప్పుడు మెకానిక్ దగ్గరికి పరిగెత్తాలి.

సర్వీస్ సెంటర్‌లో నిజంగా అన్నీ మార్చారో లేదో ఎలా తెలుస్తుంది?

ఇది నాకు తగిలిన దెబ్బ. ఒక వర్క్‌షాప్‌లో ఇచ్చిన బిల్లులో ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ మూడూ ఉన్నాయి. ఇంటికొచ్చి ఊరికే ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి చూశాను. మడతల మధ్య ఒక చిన్న ఎండుటాకు ముక్క. రెండు వారాల ముందు నేనే చూసి, తీయకుండా వదిలేసిన ముక్క. కొత్త ఫిల్టర్‌లోకి అదే ఆకు, అదే మూలకు ఎలా వచ్చింది?

గొడవ పెట్టుకుంటే డబ్బు తిరిగిచ్చారు, "కుర్రాడు పొరపాటు పడ్డాడు సార్" అన్నారు. అప్పట్నుంచి సర్వీసుకి ఇచ్చే ముందు ఫిల్టర్ల అంచు మీద మా అమ్మాయి నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెడతాను. పాత విడిభాగాలు డిక్కీలో పెట్టమని జాబ్‌కార్డు మీద రాయిస్తాను. వీలైతే పక్కన నిలబడతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోని చోటికి వెళ్తున్నాను.

టైర్లు ఎన్ని కిలోమీటర్లు వస్తాయి?

నాకు 45 నుంచి 50 వేలు వస్తున్నాయి. అంటే ఏడాది దాటగానే కొత్త సెట్టు. ఇంత ఖర్చు మొదట్లో మింగుడుపడలేదు. తర్వాత అర్థమైంది, టైరు చచ్చేది దూరంతో కంటే గాలి చూసుకోకపోవడం వల్ల, అలైన్‌మెంట్, అంటే చక్రాల వరస పోవడం వల్ల.

గాలి సంగతి. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది, ఎన్ని పీఎస్‌ఐ ఉండాలో అందులోనే రాసి ఉంటుంది. ఆ అంకె చల్లటి టైరుకి. చౌటుప్పల్ దాకా నడిపి, అక్కడ బంకులో చూపిస్తే వేడికి మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. బంకు కుర్రాడు "ఎక్కువుంది సార్" అని తీసేస్తాడు. మర్నాడు పొద్దున టైరు మెత్తగా ఉంటుంది. నేను ఆరు వందలు పెట్టి చేతి గేజి కొనుక్కున్నాను, ఆ డబ్బు మొదటి సెట్టుకే వెనక్కి వచ్చింది.

గాలి తక్కువైన టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకీ నలిగి, వేడెక్కుతాయి. రోహిణి కార్తె ఎండల్లో, రోళ్ళు పగిలే వేడిలో, వంద స్పీడు మీద అదే టైరు పేలుతుంది. గాలి ఎక్కువై పేలుతుందని మనవాళ్ళు ఎండాకాలం గాలి తగ్గిస్తారు. అది తలకిందుల వైద్యం.

అలైన్‌మెంట్ పోయిందని చేత్తోనే చెప్పొచ్చు. ముందు చక్రాన్ని పూర్తిగా ఒక పక్కకు తిప్పి, బండి ఆపేసి, టైరు ఉపరితలం మీద అరచేత్తో లోపలి అంచు నుంచి బయటి అంచుకు నిమరండి, మళ్ళీ వెనక్కి నిమరండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపపు పళ్ళలా గరుకుగా తగిలితే అలైన్‌మెంట్ తప్పినట్టే. లోపలి అంచు ఒక్కటే అరగడం బయట నిలబడి చూస్తే అస్సలు కనపడదు. నా మొదటి సెట్టు అలాగే పోయింది: బయటంతా గాడులు దండిగా ఉన్నాయి, లోపల తీగ తేలింది.

అరుగుదలకు గుర్తు టైరు గాడుల్లోనే ఉంటుంది, అడ్డంగా చిన్న దిమ్మలు. అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. టైరు వాటితో సమానమైతే మార్చాల్సిందే. వానాకాలం ముందు అయితే నేను అంతదాకా ఆగను. తయారీ తేదీ పక్కగోడ మీద నాలుగు అంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. కొత్త టైరు కొనేటప్పుడు అది చూడకుండా డబ్బు ఇవ్వొద్దు.

బ్రేకులు?

హైవే బండికి బ్రేకు ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. నాకు మొదటి జత 70 వేల దాకా వచ్చింది. సిటీలో సగం కూడా రాకపోవచ్చు. కీచుమంటే ప్యాడ్ చివరికొచ్చిందని సూచన, గరగరమంటే ఇనుము ఇనుమును గీకుతోందని అర్థం, డిస్కు కూడా పోతుంది.

అందరూ మర్చిపోయేది బ్రేకు ఆయిల్. అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే తక్కువ వేడికే మరుగుతుంది, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెడల్ మెత్తబడుతుంది. దీనికి మాత్రం క్యాలెండర్ చూడాలి: రెండేళ్ళకోసారి, మీ పుస్తకంలో ఇంకేదైనా రాసి ఉంటే దాని ప్రకారం.

నా క్లచ్ 60 వేలకే పోయింది. మీది ఎలా ఉంది?

నాది మొదటి క్లచ్ 1,60,000 కిలోమీటర్లకు మార్చాను. గొప్ప ఏమీ లేదు, హైవే మీద అయిదో గేరులో క్లచ్‌కి పనే ఉండదు. మా కాలనీలో క్యాబ్ నడిపే తమ్ముడొకడు అమీర్‌పేట, హైటెక్ సిటీ మధ్యే తిరుగుతాడు. అతనికి 60 వేలకు ఒకసారి ఖర్చు తప్పట్లేదు.

క్లచ్‌ని తినేది హాఫ్ క్లచ్. ఫ్లైఓవర్ ఎక్కేచోట ట్రాఫిక్ ఆగితే, బ్రేకు మీద కాలు పెట్టకుండా క్లచ్ సగం వదిలి బండిని గాల్లో ఆపినట్టు ఆపుతామే, అది. హ్యాండ్‌బ్రేకు వెయ్యండి. ఇంకొందరికి ఎడమ కాలు ఎప్పుడూ పెడల్ మీదే విశ్రాంతి తీసుకుంటుంది. దానివల్ల రిలీజ్ బేరింగ్ పోతుంది. క్లచ్ మార్చేటప్పుడు ప్లేటుతోపాటు ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ ఒకేసారి వేయించండి, గేర్‌బాక్సు దించే కూలీ రెండుసార్లు దండగ.

సంక్రాంతికి రెండు రోజుల ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర నా క్లచ్ ఒక్క సాయంత్రంలో పడిన కష్టం మిగతా ఆర్నెల్లలో పడి ఉండదు. ఊరెళ్ళే బళ్ళన్నీ అక్కడే. వాసన వచ్చింది. ఏసీ ఆపి, పక్కకు తీసి, అరగంట టీ తాగాను. కాలిన వాసన వస్తే ఆపి చల్లారనివ్వడమే మందు.

స్పీడ్ బ్రేకర్ మీద టకటకమని చప్పుడొస్తోంది. ప్రమాదమా?

ఎక్కువసార్లు అది లింక్ రాడ్, సస్పెన్షన్‌లో ఉండే చిన్న కడ్డీ. చౌకగానే పోతుంది. కానీ చప్పుళ్ళని పట్టించుకోకుండా పాట సౌండు పెంచేవాళ్ళని చూశాను, వాళ్ళ కోసం రాస్తున్నాను. చిన్న రాళ్ళ మీద టకటక అంటే లింక్ రాడ్. గుంతలో పడినప్పుడు "దబ్" అని ఒక్క బరువైన దెబ్బ అంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు, లేదా షాక్ అబ్జార్బర్ పై మౌంటు. స్పీడు పెరిగేకొద్దీ విమానంలా "హూ" అని మోత పెరుగుతూ, మలుపులో తగ్గుతూ పెరుగుతూ ఉంటే వీల్ బేరింగ్. దీన్ని వాయిదా వేయొద్దు. ఇవి నా చెవి లెక్కలు, మెకానిక్ బండిని పైకెత్తి చూశాకే ఖాయం.

హైవే బండిలో కూడా సస్పెన్షన్ పోతుంది, ఎందుకంటే హైవే ఎప్పుడూ హైవేలా ఉండదు. అండర్‌పాస్ పనులని సర్వీసు రోడ్డు మీదకు మళ్ళించిన నెలల్లో నా బుష్‌లు ఎంత నలిగాయో పుస్తకం తిప్పితే కనిపిస్తుంది.

రేడియేటర్‌లో నీళ్ళు పోస్తే చాలదా?

చాలదు. ఈ తప్పు నేనే చేశాను, కాబట్టి వివరంగా చెప్తాను.

ఒకరోజు బానెట్ ఎత్తితే రేడియేటర్ పై గొట్టం అతికే చోట తెల్లగా, ఉప్పు పేరినట్టు ఒక చార కనపడింది. తడి లేదు. తుడిచేశాను. వారానికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుడిచేశాను. మే నెల మధ్యాహ్నం చిట్యాల దాటాక టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి జరగడం మొదలైంది. అదృష్టం, చూశాను. పక్కకు ఆపి ఇంజిన్ ఆపేశాను. ముప్పావుగంట వేపచెట్టు కింద కూర్చుని, చల్లారాక మూత తీస్తే లోపల కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) సగమే ఉంది. ఆ తెల్లచార కారి ఎండిపోయిన కూలెంట్ మరక అన్నమాట.

దారి మీద ఏం దొరుకుతుంది, హోటల్ బోరునీళ్ళు పోశాను. ఇల్లు చేరాను. ఆ వారమే కడిగించి సరైన కూలెంట్ పోయించాల్సింది. "రేపు, ఎల్లుండి" అని ఆర్నెల్లు నడిపాను. మన బోరునీళ్ళు బకెట్టు అడుగున తెల్లటి పొర కట్టే నీళ్ళు. అదే పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లో కట్టింది. చివరికి రేడియేటర్, థర్మోస్టాట్ రెండూ మార్చాల్సి వచ్చింది. రెండు వందల రూపాయల క్లిప్పుతో, ఒక డబ్బా కూలెంట్‌తో పోయేది.

వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు. ముఖం కాలుతుంది. పక్కన ప్లాస్టిక్ డబ్బాలో గీతల మధ్య కూలెంట్ ఉందో లేదో డిప్‌స్టిక్ చూసే ఆదివారమే చూసేయండి.

పొద్దున్నే ఇంజిన్ కాసేపు వేడెక్కనివ్వాలా?

మన వాతావరణంలో అర నిమిషం చాలు. తర్వాత మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా పోనివ్వండి. టర్బో ఉన్న బండిని హైవే మీద గట్టిగా తోలి వచ్చాక మాత్రం వెంటనే ఆపకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి.

రోజూ వంద కిలోమీటర్లకి డీజిలా, పెట్రోలా, సీఎన్‌జీనా, కరెంటు బండా?

దీని మీద మా ఆఫీసు క్యాంటీన్‌లో జరిగిన గొడవలకు లెక్క లేదు.

బండి పొగ మీద బీఎస్‌6 నియమాలు 2020 ఏప్రిల్ నుంచి వచ్చాయి. అప్పట్నుంచి డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటోంది. పట్టిన మసిని అది వేడితో కాల్చుకోవాలి. దానికి బండి ఒక పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా మంచి స్పీడులో నడవాలి. హైవే మనిషికి ఇది తెలియకుండానే జరిగిపోతుంది. సిటీలో రోజూ అయిదు కిలోమీటర్లు తిరిగేవాడికి మసి నిండి లైటు వెలుగుతుంది. కాబట్టి బీఎస్‌6 డీజిల్ కొనాల్సింది ఎక్కువ దూరం తిరిగేవాళ్ళే. ఆయిల్ కూడా డీపీఎఫ్‌కి పనికొచ్చే, తక్కువ బూడిద మిగిల్చే రకమే పోయాలి.

సీఎన్‌జీలో కిలోమీటర్ ఖర్చు తక్కువ. చాలా బండ్లలో డిక్కీ పోతుంది, క్యూ ఉంటుంది. సిలిండర్‌కి మూడేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) చేయించాలి, ఆ కాగితం లేకపోతే బంకులో గ్యాస్ కొట్టరు. స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మీద ఓ కన్నేసి ఉంచాలి.

కరెంటు బండికి ఇంజిన్ ఆయిల్ లేదు, క్లచ్ లేదు, బ్రేకులు కూడా తక్కువ అరుగుతాయి. బరువు ఎక్కువ కాబట్టి టైర్లు త్వరగా అరుగుతాయి. ఇంటి దగ్గర ఛార్జింగ్ పాయింటు ఉంటే రోజుకు 130 కిలోమీటర్లకు అంతకంటే చౌక లేదు. ఒక్క విషయం మాత్రం సేల్స్ కుర్రాడు గట్టిగా చెప్పడు. చాలా కంపెనీలు బ్యాటరీకి ఇచ్చే వారంటీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు. నాలా తిరిగితే ఆ ఎనిమిదేళ్ళు నాలుగేళ్ళకే అయిపోతాయి. కొన్నిటికి ఇంతకంటే ఎక్కువ ఇస్తున్నారు, కాగితం మీద చదివి సంతకం పెట్టండి.

వారంటీ, ఇన్సూరెన్స్ విషయంలో మాకు వేరే జాగ్రత్తలున్నాయా?

పైన చెప్పిన లెక్కే మామూలు వారంటీకీ వర్తిస్తుంది. "మూడేళ్ళు లేదా లక్ష" అంటే నాకు రెండున్నరేళ్ళు. ఎక్స్‌టెండెడ్ వారంటీకి డబ్బు కట్టే ముందు ఎన్నేళ్ళో వదిలేసి ఎన్ని కిలోమీటర్లో అడగండి. మొదటి కారుకి నేను ఏళ్ళు చూసి కట్టాను, అందులో సగం కూడా వాడుకోలేదు.

ఇన్సూరెన్స్‌లో నడిపినంతకే ప్రీమియం అనే పద్ధతి వచ్చింది, అది మనకోసం కాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ మాత్రం తీసుకోండి. వానలో నీళ్ళు నిలిచినచోట బండి ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ కొట్టొద్దు. లోపలికి నీళ్ళు పోయి ఉంటే ఆ ఒక్క స్టార్ట్‌కి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇక తెల్ల నంబర్ ప్లేటు బండిని కిరాయికి తిప్పితే, యాక్సిడెంట్ అయినప్పుడు క్లెయిమ్ తిరస్కరించడానికి అదొక్కటి చాలు.

టోల్ యాన్యువల్ పాస్ తీసుకోవచ్చా?

2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు 3,000 రూపాయలకు 200 ట్రిప్పులు లేదా ఏడాది అన్నారు. నాకు నెలకు 52 సార్లు గేటు దాటడం, కాబట్టి ఏడాది పాస్ నాలుగు నెలల్లోపే అయిపోతుంది. అయినా ఆ ధరకు ఒక దాటుడు 15 రూపాయలే పడుతుంది, లాభమే. మీ ఇల్లు గేటుకు దగ్గర్లోనే ఉంటే స్థానికుల నెలవారీ పాస్‌తో పోల్చి చూసుకోండి.

మొత్తం మీద కిలోమీటర్‌కి ఎంత పక్కన పెట్టుకోవాలి?

డీజిల్ కాకుండా కిలోమీటర్‌కి రూపాయిన్నర. నా పుస్తకంలో ఆరేళ్ళ సగటు దానికి కొంచెం తక్కువే వచ్చింది, టైర్లు, క్లచ్, నా బోరునీళ్ళ పాపం అన్నీ కలిపి. జీతం పడగానే 5,000 వేరే ఖాతాలోకి పంపేస్తాను. టైర్ల నెల వచ్చినప్పుడు ఇంట్లో టెన్షన్ ఉండదు. బండి ఖర్చంటే డీజిల్ ఒక్కటే అనుకునేవాళ్ళే ఆఖరికి "కారు ఏనుగులా తినేస్తోంది" అంటారు.

రెండు లక్షలు దాటాక అమ్మేయాలా?

అమ్మబోతే ధర రాదు. నేను ఒకసారి అడిగి చూశాను. మీటర్ చూడగానే డీలర్ ముఖం మాడిపోయింది, "సార్, 80 వేలకి తిప్పిస్తే లక్ష ఎక్కువొస్తది" అని నెమ్మదిగా చెవిలో చెప్పాడు. అలాంటి 80 వేల బండ్లు బజార్లో ఎన్ని ఉన్నాయో ఊహించుకోండి. కొనేవాళ్ళు మీటర్ వదిలేసి సర్వీసు రికార్డు అడగాలి, స్టీరింగ్ తోలు నునుపు, క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదల, డ్రైవర్ సీటు పక్క దిండు కుంగిపోవడం చూడాలి. మీటర్‌ని వెనక్కి తిప్పొచ్చు గానీ సీటును తిప్పలేరు.

ఉంచుకోవాలా అన్నదానికి నా లెక్క ఇది. ఆయిల్ తాగట్లేదు, కూలెంట్ తగ్గట్లేదు, పొగ లేదు, పికప్ అలాగే ఉంది, చాసిస్ తుప్పు పట్టలేదు. అయితే ఉంచుకోండి. ఒకే ఏడాదిలో టర్బో, ఇంజెక్టర్లు, గేర్‌బాక్సు అని వరసగా పెద్ద పనులు వస్తే, ఆ ఏడాది మరమ్మతు ఖర్చు కారు అమ్మితే వచ్చే ధరలో సగం దాటితే ఇక వదిలేయొచ్చు. నాది ఇంకా అక్కడిదాకా రాలేదు. పోయిన నెల భాయ్ ఇంజెక్టర్లు చెక్ చేసి "ఇంకో యాభై వేలు చూద్దాం సార్" అన్నాడు. వచ్చే సర్వీసు 2,90,000 దగ్గర అని పుస్తకంలో రాసుకున్నాను, అంటే ఇంకో రెండు నెలల్లోపే.